నాలుగు గేర్ల బండి

ఆ కారు మా ఇంటికి వచ్చినప్పుడు దానికి ఉన్నది రెండు గేర్ల ఆటోమేటిక్. అరవైల నాటి అమెరికన్ బండి. రెండే తలుపులు, పొడుగాటి ముందుభాగం, ఎండకి వెలిసిపోయిన నీలం రంగు. నార్త్ కరోలినాలో మేముండే క్యారీకి తూర్పున, పొగాకు చేలు దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్ళో, ఒక పెద్దాయన షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉంది. మా ఆయన ఇంటర్నెట్‌లో చూసి, బేరం కుదుర్చుకుని, ట్రైలర్ అద్దెకు తీసుకుని బయల్దేరాడు. నన్నూ తీసుకెళ్ళాడు.

"ఇది మా ఆవిడ నడిపేది. ఆమె పోయాక నేను ముట్టుకోలేదు. గేర్‌బాక్స్ మాత్రం ఒక్కసారి కూడా మొరాయించలేదు," అన్నాడు ఆ పెద్దాయన బానెట్ మీద చెయ్యి వేసి.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. "విన్నావా? ఆవిడ నడిపేదట! అందుకే ఆటోమేటిక్. ఆడవాళ్ళ బండి. లోపలున్నదంతా పీకి పారేసి నాలుగు గేర్ల మాన్యువల్ ఎక్కిస్తా. అప్పుడవుతుంది ఇది బండి."

నాకు ఆ ఆటోమేటిక్ నచ్చింది. బయల్దేరడానికి ఒక గేరు, ఆ తర్వాత ప్రయాణమంతటికీ ఇంకో గేరు. గేరు మారేటప్పుడు బండి ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్ళీ సాగేది. మా వీధి చివరిదాకా నడిపి తీసుకొచ్చాను. గరాజ్ ముందు నిలబడి చూస్తున్న ఆయన, "సోఫాలో కూర్చున్నట్టుంది కదూ? నీకు నచ్చిందంటేనే అర్థమైంది, దీన్ని మార్చాల్సిందేనని," అన్నాడు.

ఆయన నన్ను ఏనాడూ కొట్టలేదు. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే వినేవాళ్ళు మొదట అడిగేది అదే. మంచి ఉద్యోగం, మంచి గొంతు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వాళ్ళు తమ హాలు మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఇచ్చేవారు. అక్కడ పాటలు నడిపించేది ఆయనే. ఆయన కళ్ళు మూసుకుని చరణం ఎత్తుకుంటే వెనక వరసలో ముసలమ్మలు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "సిస్టర్, మీరు ఎంత అదృష్టవంతులో," అనేవారు. నేను అవునన్నట్టు నవ్వేదాన్ని.

ఇంట్లో ఆయన పద్ధతి వేరు. నాకు తెలియదని తనకు ముందే తెలిసిన ప్రశ్న అడుగుతాడు. జవాబు కోసం ఎదురుచూస్తాడు. నేను తడబడే వరకూ, తడబడి తప్పు చెప్పే వరకూ, ఓపిగ్గా, మొహం మీద చిన్న నవ్వుతో ఎదురుచూస్తాడు.

గరాజ్‌లో ఆ ఆట బాగా సాగింది. పాత అమెరికన్ బండ్ల పానాలన్నీ అంగుళాల లెక్కలో ఉంటాయి. ఆయన బండి కింద పడుకుని చెయ్యి బయటికి చాపి, "నైన్ సిక్స్‌టీన్త్," అనేవాడు. తప్పు పానా చేతిలో పెడితే దాన్ని సిమెంట్ నేల మీదకి వదిలేసేవాడు. ఖంగుమనేది. నేను తీసి, తుడిచి, దాని సైజు పైకి చదివి, పెట్టెలో దాని చోట పెట్టి, మళ్ళీ మొదటినుంచి వెతకాలి. అది ఆయన పెట్టిన రూలు.

"ఎమ్మెస్సీ కెమిస్ట్రీ! ఏ యూనివర్సిటీ వాడిచ్చాడో గానీ వాడికో దణ్ణం," అనేవాడు బండి కింద నుంచి. నేను వెతుక్కోవడం ఫోన్‌లో వీడియో తీసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టేవాడు. వాళ్ళు నన్ను అసిస్టెంట్ మెకానిక్ గారూ అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళ భార్యలు కూడా నవ్వేవారు. నేను అప్పటికి డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. ఉద్యోగం చేయకూడదు. పగలంతా ఇల్లు, సాయంత్రాలూ శనివారాలూ గరాజ్. వేరే పని లేని మనిషికి వద్దనే మాట అంత తేలిగ్గా నోట రాదు.

కానీ ఆయనకి పాఠం చెప్పే అలవాటు ఉంది. చేతులు పని చేస్తుంటే నోరు ఆగదు. ఎక్కడో ఒక పాత నాలుగు గేర్ల బాక్స్ సంపాదించి తెచ్చి, బల్ల మీద దాన్ని విప్పి, ఒక్కో ముక్కా నాకు చూపించేవాడు. లోపలి పళ్ళ చక్రాలు ఎప్పుడూ ఒకదానికొకటి కొరుక్కునే ఉంటాయని, మనం లీవర్ కదిపితే మారేది ఏ చక్రం ఇరుసుతో కలిసి తిరగాలన్నదేనని, రెండు వేగాలూ కలిసేదాకా మధ్యలో ఒక ఇత్తడి ఉంగరం బ్రేకులా పనిచేస్తుందని చెప్పేవాడు.

"రివర్స్‌కి మాత్రం ఆ ఉంగరం ఉండదు. బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి. కొంచెం ముందుకు పోతున్నా సరే, లాగామంటే పళ్ళు రాలిపోతాయి. ఎవడైనా ఒకడు దీన్ని చంపాలనుకుంటే అదొక్కటి చాలు," అన్నాడు ఒకసారి, చిన్న చక్రాన్ని అరచేతిలో పెట్టుకుని బిడ్డని చూపించినట్టు చూపిస్తూ.

అది ఎక్కించిన రోజు జులై నెల, శనివారం మధ్యాహ్నం. గేర్‌బాక్స్ ఎత్తడానికి ప్రత్యేకమైన జాక్ ఉంటుంది, అద్దెకి దొరుకుతుంది. ఆ ముందువారం ఆయన ఫ్రెండ్ ఒకతను తానే తెచ్చిస్తానన్నాడు. "పూర్వం మగాళ్ళు గుండెల మీద పెట్టుకుని ఎత్తేవాళ్ళు," అని మా ఆయన వద్దన్నాడు.

బండిని స్టాండ్ల మీద నిలబెట్టాడు. కింద అట్టముక్కలు పరిచి వెల్లకిలా పడుకుని ఆ ఇనప ముద్దని ఛాతీ మీదకి ఎక్కించుకున్నాడు. నేను ఆయన కాళ్ళ వైపు నుంచి పాక్కుంటూ వెళ్ళి దాని తోక పట్టుకున్నాను. ఆయన ముందు భాగాన్ని ఎత్తి, దాని ఇరుసుని క్లచ్ మధ్యలో ఉన్న గాళ్ళలోకి దూర్చాలి. నేను వెనక భాగాన్ని సరైన ఎత్తులో పట్టుకోవాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా దూరదు. ఎన్నిసార్లు ఎత్తామో, ఎన్నిసార్లు దించామో. చెమట కళ్ళలోకి కారుతోంది. ఆయన బూతులు తిడుతున్నాడు. నన్ను కాదు, నా చేతుల్ని, నా ఎత్తుని, నన్ను కన్న జిల్లాని.

చివరికి ఒక్కసారిగా అది జారి లోపలికి వెళ్ళింది. ఆయన సంతోషంతో కేక పెట్టి, "ఎక్కింది! దించు, దించు!" అంటూ తను పట్టు సడలించాడు. గేర్‌బాక్స్ తోక దాని కింద అడ్డంగా ఉన్న ఇనప కమ్మీ మీద పడింది. ఆ రెండింటి మధ్యా నా కుడిచేతి ఉంగరపు వేలు ఉంది.

నేను అరిచిన అరుపు నాది కాదనిపించింది.

"ఏమైంది?"

"వేలు! వేలు ఇరుక్కుంది! ఎత్తండి!"

ఆయన తల తిప్పి టార్చి వేసి చూశాడు. చూశాడని నాకు తెలుసు, ఎందుకంటే ఆ వెలుతురు నా చేతి మీద పడి, కాసేపు అక్కడే ఉంది.

"కదలకు. ఎత్తితే మళ్ళీ బయటికొచ్చేస్తుంది. రెండు బోల్టులు పట్టనీ."

"ఎత్తండి!"

"రెండే. కదలకు అన్నానా."

బోల్టులు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. ఒకటి తీసి వేళ్ళతో తిప్పాడు. మరలు సరిగా పట్టకపోతే వెనక్కి తీసి, ఊది, మళ్ళీ పెట్టాడు. తర్వాత పానాతో బిగించాడు. ఆ పానా ఒక వైపు తిప్పితే బిగుస్తుంది, రెండో వైపు తిప్పితే టిక్కుటిక్కుమంటూ వెనక్కి వస్తుంది. టిక్కు టిక్కు టిక్కు. తర్వాత రెండో బోల్టు. నేను అప్పటికి అరవడం లేదు. నా నోట్లో అట్టముక్క అంచు ఉంది, ఎప్పుడు కరిచానో తెలియదు. అప్పుడు ఆయన బయటికి పాకి, మామూలు జాక్ తోసుకొచ్చి, తోకని పైకి లేపాడు.

చెయ్యి వచ్చింది. ఆయన నా మొహం వైపు చూడలేదు. గేర్‌బాక్స్ కూర్చున్న అతుకు చుట్టూ టార్చి తిప్పి, "చూశావా, ఎంత బాగా కూర్చుందో!" అన్నాడు.

హాస్పిటల్‌కి బయల్దేరే ముందు ఆయన గ్రీజు పోయే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, చొక్కా మార్చుకున్నాడు. నేను టవల్ చుట్టుకుని కార్లో కూర్చున్నాను. దారిలో, "గరాజ్ డోర్‌లో పడిందని చెప్పు. లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు వంద ప్రశ్నలు అడుగుతారు," అన్నాడు. నర్స్ ఆయన్ని బయట కూర్చోమని, తలుపు వేసి, నన్ను మెల్లగా అడిగింది: "డూ యూ ఫీల్ సేఫ్ ఎట్ హోమ్?" అందరినీ అడిగే ప్రశ్నేనట అది. "యెస్," అన్నాను. ఆయన వీసా మీదే నేను ఆ దేశంలో నిలబడి ఉన్నాను. వేలు నిలబెట్టలేమని డాక్టర్ చెప్పాడు. మధ్య కణుపు దాకా తీసేశారు.

మరుసటి ఆదివారం ఆయన సంఘంలో సాక్ష్యం చెప్పాడు. చెయ్యి మొత్తం పోవాల్సింది, ప్రభువు ఒక్క వేలితో సరిపెట్టాడని, తన భార్యని తిరిగి తనకిచ్చాడని గద్గదంగా చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. సంఘంలో అందరికీ పెద్దదిక్కుగా ఉండే ఒక ఆంటీ వచ్చి నన్ను కావిలించుకుని, "గండం తప్పింది తల్లీ," అంది. నేను ఆమె భుజం మీద తల పెట్టి, అసలు జరిగింది చెప్పేద్దామనుకున్నాను. ఆమె అప్పటికే ఆయన వైపు తిరిగి, "నువ్వెంత అల్లాడిపోయావో బాబూ," అంటోంది.

కట్టు విప్పేశాక ఒక సాయంత్రం, అన్నం తింటుంటే, ఆయన్ని అడిగాను.

"ఆ రెండు బోల్టులు తర్వాత పెట్టకూడదా?"

ఆయన ముద్ద కలుపుతూ ఆగి నిజంగానే ఆలోచించాడు. కోపం లేదు, సిగ్గు లేదు. ఆఫీసులో ఎవరో సందేహం అడిగితే ఆలోచించినట్టు ఆలోచించాడు.

"అప్పటికే నలిగిపోయింది కదా," అన్నాడు. "వెంటనే ఎత్తినా వేలు తిరిగి రాదు. గేర్‌బాక్స్ కూడా పోయేది. పప్పులో ఉప్పు తగ్గింది."

నేను లేచి ఉప్పు తెచ్చాను.

కొన్నాళ్ళకి నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. దగ్గర్లోనే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరాను. రబ్బరు గ్లవ్ తొడుక్కుంటే ఒక వేలు ఖాళీగా వేలాడేది. దాన్ని మడిచి టేపు వేసుకునేదాన్ని. అక్కడ ఎవరూ నవ్వలేదు. పని బాగా చేశాను. తర్వాత వాళ్ళే నాకు విడిగా వీసా ఫైల్ చేశారు. అది అప్రూవ్ అయిన సంగతి ఇంట్లో చెబితే ఆయన, "గుడ్," అని బండి కవర్ సర్దడానికి వెళ్ళిపోయాడు.

ఆ వసంతంలో మా దగ్గర ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్ లాట్‌లో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. బండ్లన్నీ బానెట్లు ఎత్తుకుని వరసగా నిలబడ్డాయి. మా నీలం బండికి కొత్త రంగు, కొత్త సీట్లు. ఆయన ఫ్రెండ్స్ కుటుంబాలతో సహా వచ్చారు. అమెరికన్లు ఆగి చూస్తున్నారు. టోపీ పెట్టుకున్న ఒకాయన లోపలికి తొంగిచూసి, గేర్‌బాక్స్ ఒరిజినలేనా అని అడిగాడు.

"నో సర్," అన్నాడు మా ఆయన హుషారుగా. "నేనే వేశాను. నేనూ, మా ఆవిడా. నిజానికి మా ఆవిడలో ఒక ముక్క ఇంకా అందులోనే ఉంది." అని, నేను వెనక్కి తగ్గేలోపు నా మణికట్టు పట్టుకుని, చేతిని పైకెత్తి, వేళ్ళు విడదీసి అందరికీ చూపించాడు.

టోపీ ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. చూపు తిప్పుకుని పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. మనవాళ్ళు మాత్రం నవ్వారు. వాళ్ళకి అది పాత జోకే.

నేను చెయ్యి విడిపించుకున్నాను. "తాళం ఇవ్వండి," అన్నాను.

"ఏంటి?"

"బండి తాళం. నడుపుతాను."

"షీ వాంట్స్ టు డ్రైవ్!" అన్నాడు చుట్టూ చూసి. "నీ కాలికి క్లచ్ అందుతుందా అసలు?"

"ఇవ్వు బ్రదర్, చూద్దాం," అన్నాడు ఒక ఫ్రెండ్, అప్పుడే ఫోన్ పైకెత్తి.

మా ఆయన తాళం తీశాడు. నా చేతిలో పెట్టలేదు. దాని రింగుని నా మొండి వేలికి తగిలించాడు. అది జారి తారు మీద పడింది. అందరూ మళ్ళీ నవ్వారు. వంగి తీసుకున్నాను. బానెట్ మూసి ఎక్కి కూర్చున్నాను.

నేను కాకినాడలో డ్రైవింగ్ స్కూల్ వాళ్ళ చిన్న కారు మీద నేర్చుకున్నదాన్ని, సినిమా రోడ్డు రద్దీలో, రిక్షాల మధ్య, క్లచ్ మీద కాలు పెట్టి. ఆయనెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు. క్లచ్ బరువుగా ఉంది, సీటు అంచుకి జరిగి నొక్కాను. మొదటి గేరు. బండి ఒక్క కుదుపు కూడా లేకుండా కదిలింది. అద్దంలో ఆయన నవ్వుతూ వెంట నడవడం కనిపించింది. తర్వాత పరుగెత్తడం కనిపించింది. అప్పుడు మొహంలో నవ్వు లేదు.

శనివారం కాబట్టి ల్యాబ్‌ల వైపు రోడ్లన్నీ ఖాళీ. పైన్ చెట్ల మధ్య మా ఆఫీసు వెనకాల ఒక పొడుగాటి రోడ్డు ఉంది, చివరికి గోదాము దగ్గర ఆగిపోతుంది. అక్కడికి తీసుకెళ్ళాను. కాసేపు ఇంజన్ నడుస్తుండగానే ఆగి కూర్చున్నాను. కోపంలో చేశావా అని తర్వాత చాలామంది అడిగారు. కోపం పార్కింగ్ లాట్‌లోనే అయిపోయింది. ఇది ఇష్టంగా చేశాను.

మొదటి గేరులో మెల్లగా కదిలి, క్లచ్ తొక్కకుండా లీవర్ని రివర్స్‌లోకి లాగాను. అది రాలేదు. రెండు చేతులతో లాగాను. అప్పుడు బండి అరిచింది. ఇనుము ఇనుముని నమిలే అరుపు, సీటు లోంచి నా వెన్నులోకి ఎక్కింది. ఆపి, మళ్ళీ కదిలి, మళ్ళీ లాగాను. గోదాము మీది పావురాలు లేచిపోయాయి. మళ్ళీ లాగాను. కొంతసేపటికి అరుపులో తేడా వచ్చింది, లోపల ఏదో వదులుగా దొర్లుతున్నట్టు. ఇంకోసారి లాగేసరికి ఫట్‌మని పగిలిన చప్పుడు వచ్చి, బండి ముక్కు కిందికి కొట్టి ఆగిపోయింది. లీవర్ పప్పులో గరిటెలా ఎటు తిప్పితే అటు తిరిగింది. దిగి చూశాను. కింద నూనె పాయలుగా కారుతోంది. చాలా కాలం తర్వాత నాకు బాగా ఆకలేసింది.

ఫోన్ అప్పటికే మోగుతోంది. "ఎక్కడున్నావ్?" అన్నాడు.

"మా ఆఫీసు వెనకాల. వచ్చి నీ బండి తీసుకెళ్ళు."

పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆయన అది గమనించినట్టు లేదు.

ఆయన ఒక ఫ్రెండ్‌తో కలిసి అతని వ్యాన్‌లో వచ్చాడు. దిగుతూనే నూనె చూశాడు. మోకాళ్ళ మీద కూలబడి బండి కిందికి చెయ్యి చాపాడు. చెయ్యి తిరిగి వచ్చేసరికి అరచేతిలో నల్లటి నూనె, అందులో మెరుస్తూ ఇత్తడి రజను, ఒక విరిగిన పన్ను. దాన్ని చూసి ఆయన ఏడ్చాడు. పాటల్లో ఏడ్చే ఏడుపు కాదు. ముక్కు కారుతూ, భుజాలు ఎగరేస్తూ, చిన్నపిల్లాడిలా. ఆ ఫ్రెండ్ ఏం చెయ్యాలో తోచక చెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

"చప్పుడు వినపడగానే ఆపొచ్చుగా," అన్నాడు వెక్కుతూ. "మొదటిసారే ఆపితే బాగయ్యేది. ఎందుకు ఆపలేదు?"

"అప్పటికే నలిగిపోయింది కదా," అన్నాను.

అది తన మాటేనని ఆయనకి గుర్తు రాలేదు. నేను ఆయన మొహంలోకి బాగా చూశాను. రాలేదు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం పెద్దలు మమ్మల్ని వంటగది పక్క గదిలో కూర్చోబెట్టారు. పాస్టర్ గారు, ఆంటీ, ఇంకో ఇద్దరు. ఆయన ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో విరిగిన పళ్ళు ఉన్నాయి, నూనె తుడిచి, శుభ్రం చేసి. ఆ సంచి చేతులు మారింది. పాస్టర్ గారు వెలుతురులోకి ఎత్తి చూసి నిట్టూర్చారు. ఆంటీ, "అయ్యో, ఎంత కష్టపడ్డాడో బిడ్డ," అంది, సంచి మీద నుంచే వాటిని నిమురుతూ.

"సిస్టర్, ఆయన వాక్యం తెలిసిన మనిషి, క్షమించడానికి రెడీగా ఉన్నాడు," అన్నారు పాస్టర్ గారు. "మీరు తప్పయిందని ఒక్క మాట అనండి. ప్రార్థన చేసుకుని వెళ్ళిపోదాం."

నేను నా చెయ్యి ఆ బల్ల మీద, సంచి పక్కన పెట్టాను. బోల్టుల సంగతి చెప్పాను. టార్చి వెలుతురు సంగతి, టిక్కుటిక్కుమన్న పానా సంగతి, అన్నీ వరసగా చెప్పాను. ఎవరూ మధ్యలో అడ్డు రాలేదు. చెప్పడం అయ్యాక ఆంటీ ఆయన వైపు చూసింది. ఆయన తల దించుకుని, "ఆ రోజు షాక్‌లో ఉంది ఆంటీ. అప్పట్నుంచీ మనసు సరిగా లేదు," అన్నాడు. ఆ గొంతు ఎంత జాలిగా ఉందంటే, ఒక్క క్షణం నాకే నా మీద అనుమానం వచ్చింది.

"డాక్టర్‌కి చూపించు బాబూ," అంది ఆంటీ.

పాస్టర్ గారు ప్రార్థన కోసం కళ్ళు మూసుకున్నారు. అందరూ మూసుకున్నారు. నేను బ్యాగ్ తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ వారంలోనే ల్యాబ్ దగ్గర ఒక గదిలోకి మారాను. విడాకులకి ఆయన అడ్డు చెప్పలేదు. నాకు పిచ్చని చెప్పుకోవడానికి అది ఆయనకి వీలుగా ఉంది. చాలామంది నమ్మారు. ఇండియన్ స్టోర్‌లో నన్ను చూసి, ఆ నవ్విన ఆడవాళ్ళలో కొందరు ట్రాలీ పక్క వరసలోకి తిప్పేసుకుంటారు. మొదట్లో బాధ వేసేది. ఇప్పుడు దారి ఖాళీగా ఉంటుందని సంతోషిస్తాను.

పోయిన నెల అదే స్టోర్‌లో ఆయన ఎదురయ్యాడు. జుట్టు పలచబడింది, చొక్కా నలిగి ఉంది. అది చూసి నాకు హాయిగా అనిపించింది. బియ్యం బస్తాలకి అడ్డంగా నిలబడి, సంఘంలో మాట్లాడే ఆ తియ్యటి గొంతుతో, "బాగున్నావా?" అన్నాడు.

"బాగున్నాను. కొంచెం పక్కకి జరుగు, బియ్యం తీసుకోవాలి."

జరిగాడు. సాయం చెయ్యనా అన్నాడు. వద్దన్నాను. బస్తా ఎత్తి ట్రాలీలో వేసుకుని బిల్లు కౌంటర్ వైపు వెళ్ళిపోయాను.